పెద్దోడు కలిపిన రంగు

పొద్దుటి నుంచి చిన్నోడు వెనకగది గోడకు రంగు పూస్తూనే ఉన్నాడు. అరచేయంత మేర నమూనా పూయడం, ఆరేదాకా కాచుకోవడం, జేబులోంచి గోరంత పెచ్చు తీసి దాని పక్కన పెట్టి చూడడం, పళ్ళు కొరకడం. అలా ఏడు నమూనాలయ్యాయి. ఏడూ తప్పే. ఒకటి మరీ పసుపు, ఒకటి మరీ ఆకుపచ్చ, ఒకటి జ్వరపడి లేచినవాడి మొహంలా పాలిపోయి ఉంది. ఆరోది ఏం రంగో పూసినవాడికే తెలియలేదు.

చిన్నోడంటే చిన్నపిల్లవాడేం కాదు. నలభై రెండేళ్ళు, నడినెత్తిన జుట్టు పలచబడింది. ఇళ్ళకు రంగులు వేయడంలో పద్దెనిమిదేళ్ళ అనుభవం. అన్నను పెద్దోడని పిలిచారు కాబట్టి ఇతను చిన్నోడయ్యాడు, అంతే. ఇద్దరూ కలిసే పనికి వెళ్ళేవారు. గోడ రుద్దడం, లప్పం పెట్టడం, నిచ్చెన మొయ్యడం, మాట పడడం చిన్నోడి వంతు. రంగు కలపడం పెద్దోడి వంతు. వేయడం ఇద్దరిదీను.

ఎనిమిది రోజుల కిందట పెద్దోడు కొత్త రోలరు కొనుక్కొస్తానని ఉతికిన చొక్కా వేసుకుని బస్సెక్కాడు. కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చివరి స్టాపులో కండక్టరు దిగమని భుజం తట్టేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. యాభై ఏళ్ళయినా నిండలేదు. ఒక జ్వరం లేదు, ఒక దగ్గు లేదు, ఒక మాట లేదు. చిన్నోడికి దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు.

కోపం ఊరికే రాలేదు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక మేడమ్ గారి హాలు సగంలో ఉంది. ఆవిడ రంగుల పుస్తకం చూడనంది. ఎప్పటిదో వెలిసిపోయిన కర్టెన్ ముక్క తెచ్చి, నాకు ఇదే కావాలంది. ఇంకొకరైతే దండం పెట్టి వెళ్ళిపోయేవారు. పెద్దోడు ఆ ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, దూరంగా జరిపి, ఊఁ అన్నాడు. పెద్ద బకెట్ తెల్లరంగులో స్టైనర్లు, అంటే బొట్లు బొట్లుగా వేసే చిక్కటి రంగు సీసాలు, ఒక్కొక్కటే పిండి కర్రతో తిప్పాడు. గంటలో కర్టెనూ బకెట్టూ ఒకటే రంగయ్యాయి. మూడు గోడలు పూర్తయ్యాయి. నాలుగోది మిగిలింది. ఇప్పుడు చిన్నోడి జేబులో ఉన్న పెచ్చు ఆ మూడు గోడల మూలనుంచి గీకి తెచ్చిందే.

"సోమవారం సాయంత్రం దాకా ఆగుతాను," అని మేడమ్ నిన్న ఫోన్లో చెప్పింది. "మీ బాధ నాకు తెలుసు బాబూ. కానీ మంగళవారం మావాళ్ళు సామాను దింపుతారు. మీవల్ల కాదంటే చెప్పండి, వేరేవాళ్ళను పిలిచి హాలంతా ఒకే రంగు వేయించేసుకుంటాను."

హాలంతా అంటే ఆ మూడు గోడలు కూడా. పెద్దోడు చివరిసారి చెయ్యి పెట్టిన గోడల మీద ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు రోలరు ఈడుస్తాడు. ఆవిణ్ణి తిట్టడానికైనా వీల్లేదు, ఆవిడ న్యాయంగానే మాట్లాడింది. అది ఇంకా చిరాకు.

బకెట్‌లో నాలుగో గోడకు సరిపోయే రంగు మిగిలి ఉండాలి కదా? ఉండేది. పెద్దోడు పోయాడని ఫోన్ వచ్చిన రోజున చిన్నోడు ఆ హాల్లోనే కిటికీ చట్రం రుద్దుతున్నాడు. మాట విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తిన్నగా పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళి రెండు కుంచెలూ కడిగాడు. రోలరు కడిగాడు. పెద్దోడు మూతపెట్టి ఉంచిన బకెట్ తెచ్చి, అందులో ఉన్నదంతా కాలవలోకి వంచేశాడు. బకెట్‌ను రుద్ది రుద్ది కడిగి బోర్లించాడు. ఆ తరవాతే ఆస్పత్రికి పరిగెత్తాడు. పని ఆపితే ముందు సామాను కడగాలి, కొంప అంటుకున్నా సరే కుంచె కడిగాకే మంట ఆర్పాలి అని పెద్దోడు పద్దెనిమిదేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. బుర్ర ఆగిపోయిన రోజున చేతులకు ఆ ఒక్క పాఠమే గుర్తుంది.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రంగు గడ్డకట్టి పాడైపోయిందని చెప్పాడు.

ఎనిమిదో నమూనా కోసం గిన్నెలో తెల్లరంగు పోస్తుండగా బావ లోపలికొచ్చాడు. అక్కకు ఆదివారం కూడా డ్యూటీ ఉందట, ఆయన్ని ఒక్కణ్ణీ తోలింది. బావ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. అందువల్ల లోకంలో కంటికి కనిపించే సమస్త విషయాల మీదా తనకు హక్కుందని ఆయన నమ్మకం.

"ఏమోయ్, ఎందాకా వచ్చింది?"

"కనపడుతోందిగా బావా."

బావ గోడను పరీక్షగా చూశాడు. "నీకు కళ్ళు పరీక్ష చేయించాలోయ్. నలభై దాటాక దగ్గర చూపు తగ్గుతుంది. ఇది ఏ రంగు?"

"నమూనా."

"అది కాదయ్యా, ఏ రంగు కనపడుతోంది?"

"బావా, నా కళ్ళకేం రాలేదు!"

"అందరూ అలాగే అంటారు. అది సరేగానీ, ఆ గడ్డకట్టిన రంగులో కాసిని నీళ్ళు పోసి తిప్పి చూశావా?"

చిన్నోడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ప్రశ్న బావ నిన్న రెండుసార్లు అడిగాడు, మొన్న ఒకసారి అడిగాడు. "తిప్పాను బావా. లాభం లేదు," అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

"పోనీ రంగుల కొట్లో మిషన్ ఉంటుందటగా? పెచ్చు చూపిస్తే అదే కలిపి ఇస్తుందట."

"మొన్ననే వెళ్ళాను. అది ఇచ్చిన రంగే ఆ మొదటిది. చూడు ఎలా ఏడ్చిందో."

ఈలోగా అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్‌కి పెద్దోడే వచ్చే నెల తీసుకెళ్తానన్నాడు. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి గోడవైపు చూసి, "అన్నీ బాగున్నాయిరా చిన్నోడా," అంది.

"అన్నీ ఎలా బాగుంటాయమ్మా? ఒక్కటి బాగుండాలి!"

"అమ్మ మీద అరవకండి," అని వంటగదిలోంచి భార్య కేకేసింది. "రాత్రి నిద్ర లేదు, పొద్దున తిండి లేదు. తింటే రంగులు అవే కనపడతాయి."

ఇల్లంతా ఒక్కటై తన మీద పడిందనిపించింది చిన్నోడికి. అసలు చిరాకు వీళ్ళ మీద కాదు. పోయినవాడి మీద. 'ఒక ముక్క రాసి పెట్టుకో అన్నయ్యా' అని ఎన్నిసార్లు చెప్పాడు! 'రంగు కంట్లో ఉండాలిరా, కాయితం మీద కాదు' అని నవ్వేవాడు. ఇప్పుడు ఆ కన్ను మూసేసుకుని వెళ్ళాడు. నోరు తెరిచి నాలుగు ముక్కలు చెప్పి పోతే ఏం పోయింది? ఇంత నిర్లక్ష్యమా? ఆ కోపంలోనే ఆకుపచ్చ సీసా అందుకుని మూత తిప్పబోయాడు.

"అదెందుకు తీశావు?"

గదిలో అందరూ తలతిప్పారు. వదిన. చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. ఎనిమిది రోజులుగా ముందుగదిలో మంచం పట్టి అటు తిరిగి పడుకున్న మనిషి. ఎవరేం అడిగినా ఊఁ అనో ఊఁహూఁ అనో తప్ప మాట లేదు. పిల్లలు లేరు, ఆ ఇద్దరికీ ఆ ఇద్దరే లోకం. ఆవిడ లేచి టీ పట్టుకొస్తుందని ఎవరూ అనుకోలేదు. అసలు ఆవిడ ఎదురుపడకుండా ఉండడానికే చిన్నోడు ఈ గదిలో దూరాడు.

"రంగులో ఆకుపచ్చ ఛాయ ఉంది వదినా. అందుకని," అన్నాడు తడబడుతూ.

"లేదు."

"పెచ్చు చూడు. కనపడుతోంది కదా."

"కనపడితే కనపడనీ. మీ అన్నయ్య ఈసారి ఆకుపచ్చ ముట్టుకోలేదు. ముట్టుకుంటే నాకు తెలియదా? ఆ దరిద్రం సబ్బుకి లొంగదు. అది వాడిన ప్రతిసారీ నా చేతులు పడిపోయేవి."

పళ్ళెం బావ చేతిలో పెట్టి వదిన ముందుగదిలోకి వెళ్ళింది. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న పనిచొక్కా తీసుకొచ్చింది. పెద్దోడికి పనులన్నిటికీ అదే చొక్కా, ఒక్కో పని పూర్తయ్యాకే ఉతుకు. ఈ చొక్కాను మొన్న చిన్నోడి భార్య తెలియక బట్టల్లో వేయబోతే, ఈ ఎనిమిది రోజుల్లో మొదటిసారి వదిన గొంతు పెద్దదైంది. మళ్ళీ ఎవరూ దాని జోలికి పోలేదు.

వదిన నేల మీద కూర్చుని చొక్కా పరిచింది. కుడివైపు అంచు పైకి లాగి వెలుతురుకు తిప్పింది. సీసా పిండిన ప్రతిసారీ పెద్దోడు వేలికొస అక్కడ తుడుచుకునేవాడు. ఒక పిండుకు ఒక తుడుపు. అంచు నిండా అడ్డంగా, నిలువుగా, వేలంత వేలంత మరకలు.

"ఇవి బడి పనివి. ఇవి ఆ డాక్టరుగారి మేడవి, ఎన్ని ఉతుకులైనా పోలేదు," అంటూ వేలితో చూపించింది. "ఇదిగో, ఇక్కణ్ణుంచి కొత్తవి. ఇంకా నీళ్ళు చూడనివి."

చిన్నోడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లెక్కపెట్టాడు. పసుపు పద్నాలుగు. ఇటుక ఎరుపు ఒకటి. నలుపు మూడు.

నలుపు! పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ ఛాయ తిరుగుతుంది. ఆ సంగతి చిన్నోడికి తెలియక కాదు, పద్దెనిమిదేళ్ళు చూశాడు. ఎనిమిది రోజులుగా బుర్ర పనిచేస్తే కదా! పట్టరాని సంతోషం రావలసింది పోయి ఒళ్ళు మండింది.

"ముందే చెప్పొచ్చుగా వదినా! నేనిక్కడ చస్తున్నాను!"

"నువ్వు అడిగావా?" వదిన తలెత్తి సూటిగా చూసింది. "ఎనిమిది రోజుల్నుంచి ఈ గదిలో దూరి తలుపేసుకున్నావు. ఒక్కసారి వచ్చి నా మంచం పక్కన కూర్చున్నావా? నీకు అన్న పోతే నాకు ఎవరు పోయారనుకున్నావు?"

చిన్నోడు సీసాలు దగ్గరికి లాక్కుని గిన్నెలోకి బొట్లు లెక్కపెట్టి వేశాడు. పసుపు పద్నాలుగు, ఎరుపు ఒకటి, నలుపు మూడు. బకెట్‌కు ఒక పిండైతే గిన్నెకు ఒక బొట్టు. పెచ్చు ఛాయకు దిగేదాకా తెల్లరంగు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాడు. గోడ మీద ఎనిమిదో నమూనా పూశాడు.

తడి మీద చూడకూడదనేది పెద్దోడి చట్టం. తడి రంగు ఒకటి చెబుతుంది, ఆరిన రంగు ఒకటి చెబుతుంది. ఆరుతున్నంతసేపూ చూస్తూ కూర్చుంటే కన్ను రాజీపడిపోతుంది, తప్పు కూడా ఒప్పులాగే కనపడుతుంది. అందుకని పూయగానే గోడకు వీపు పెట్టి కూర్చోవాలి. ఆ ఇంట్లో అందరికీ ఆ చట్టం వచ్చు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అటు తిరిగి, గుమ్మంకేసి చూస్తూ నేల మీద వరసగా కూర్చున్నారు. ఈ చివర అమ్మ, పక్కన వదిన, చిన్నోడు, ఆ చివర బావ. భార్య వేయించిన వేరుశెనగలు గిన్నెనిండా తెచ్చి మధ్యలో పెట్టి తానూ చేరింది. ఎనిమిది రోజుల్లో అందరూ ఒకచోట కూర్చోవడం అదే మొదలు.

టీ చల్లారిపోయింది. అయినా తాగారు. ఫ్యాను పెడితే తొందరగా ఆరదా అని బావ అడిగాడు. ఫ్యాను పెడితే దుమ్ము పడుతుందని ముగ్గురు ఒక్కసారే చెప్పారు. బావ చిన్నబుచ్చుకున్నాడు. అమ్మ గింజలు వలిచి, అలవాటుగా వదిన చేతిలో పోసింది. వదిన నోట్లో వేసుకుంది. అది చూసి చిన్నోడి భార్య మొహం పక్కకు తిప్పుకుంది.

"అయినా నాకొక అనుమానం," అన్నాడు బావ. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "మూతపెట్టిన బకెట్‌లో రంగు అంత తొందరగా ఎలా గడ్డకట్టిందంటావు? పైన గట్టిపడినా అడుగున కాస్త..."

"గడ్డకట్టలేదు!" అని అరిచాడు చిన్నోడు. "పారబోశాను! నేనే పారబోశాను, చాలా?"

ఇక ఆగడం అతని వశంలో లేదు. ఫోన్ రావడం, కొళాయి దగ్గరికి వెళ్ళడం, కుంచెలు, రోలరు, బకెట్, కాలవలో ఆ రంగు తెల్లగా నురగలు కట్టుకుంటూ పోవడం, అన్నీ చెప్పేశాడు. "పోయాడని చెవిన పడ్డాక కూడా కుంచెలు కడిగాను వదినా. అన్నయ్య అక్కడ ఒక్కడూ పడి ఉంటే నేనిక్కడ బకెట్ రుద్దుతున్నాను. నేను మనిషినేనా? ఆయన కలిపిన ఆఖరి రంగు. నా చేతులతో నేనే..."

తలకాయ మోకాళ్ళలో పెట్టుకున్నాడు. వదిన తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"బకెట్ అడుగు గోకావా?" అంది వదిన.

"ఏంటి?"

"అడుగు గోకావా, లేదా? గోకకపోతే మీ అన్నయ్య ఊరుకునేవాడు కాదు."

అందరికంటే ముందు అమ్మ నవ్వింది. బొంగురుగా, దగ్గుతూ. "వాడి పెళ్ళిచూపులప్పుడూ అంతేగా! పిల్ల కాఫీ ఇచ్చి నిలబడితే, వీడు గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయి కడిగి తెచ్చాడు."

"నేను చూశానత్తయ్యా," అంది వదిన. "ఇల్లు కడిగే పని తప్పుతుందిలే అని ఒప్పుకున్నాను." ఆవిడ నవ్వు మధ్యలో తెగి ఏడుపయింది. ఏడుపులోంచి మళ్ళీ నవ్వొచ్చింది. ఏది ఏదో ఆవిడకే తెలియనట్టుంది. భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్న బావ ఒకే అద్దాన్ని నాలుగుసార్లు తుడిచాడు.

నవ్వుతున్నారేంటి వీళ్ళు అని చిన్నోడికి మండుకొచ్చింది. అరవడానికి నోరు తెరిచాడు. వచ్చింది మాట కాదు. నలభై రెండేళ్ళ మనిషి ఒళ్ళు తెలియకుండా ఏడ్చాడు. వదిన అతని నెత్తిన చెయ్యి వేసింది. అవతలినుంచి అమ్మ చెయ్యి కూడా తడుముకుంటూ వచ్చి వదిన చెయ్యి మీద ఆగింది. బావ గింజల గిన్నె ఇటు జరిపాడు. ఆయనకు తోచిన సాయం అది. ఆ ఇరుకు నేల మీద, అటు ఇటు మోకాళ్ళు తగులుతుండగా, మొదటిసారి చిన్నోడికి ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

గంట దాటిపోయినా ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆఖరికి అమ్మే, "ఆరిందేమో చూడరా," అంది.

చిన్నోడు లేచి జేబులోంచి పెచ్చు తీశాడు. ఎనిమిదో నమూనా మీద ఆనించాడు. చెయ్యి తీస్తే పెచ్చు కింద పడిపోతుంది కాబట్టి వేలితో అలాగే అదిమి పట్టుకుని చూశాడు. వేలు కనపడుతోంది, పెచ్చు కనపడడం లేదు. బావ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, తీసి చూసి, మళ్ళీ పెట్టుకుని చూసి, చివరికి తీసి జేబులో పెట్టుకున్నాడు. చిన్నోడు మేడమ్‌కు ఫోన్ చేశాడు. "రేపు పొద్దున్నే వస్తున్నానండీ. రంగు కుదిరింది. వేసిన మూడు గోడలూ ముట్టుకోనక్కర్లేదు," అని పెట్టేశాడు.

ఇటు తిరిగేసరికి వదిన చొక్కా చేత్తో పట్టుకుని కొళాయివైపు వెళ్తోంది.

"వదినా! వద్దు. అలాగే ఉండనివ్వు. లెక్క కోసం కాదు, అది రాసుకున్నాను. నీకు గుర్తుగా..." అంటూ వెనకే పరిగెత్తాడు. "మరకలు పోతాయి వదినా."

"ఇరవై రెండేళ్ళు ఉతికాను. చెయ్యి అరిగేలా ఉతికాను," అంది వదిన, కొళాయి తిప్పి. "ఒక్క మరకైనా పోయిందా? పోదు. మీ అన్నయ్య వంతు పని అయిపోయింది, ఇక ఉతకాలి కదా. పైగా రేపు నువ్వు వేసుకోవాలి. ఆ గోడ ఈ చొక్కాతోనే అవ్వాలి."

సోమవారం పొద్దున తీగ మీద ఆరిన చొక్కా తెచ్చి అతని చేతిలో పెట్టింది. బడి మరకలూ, డాక్టరుగారి మేడ మరకలూ, ఆ పద్దెనిమిది కొత్త మరకలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. చిన్నోడు వేసుకున్నాడు. చొక్కా భుజాలు కిందికి జారాయి. చేతులు రెండేసి మడతలు పెట్టాల్సి వచ్చింది. ఇంత మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా పోతాడని అన్న మీద మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నిచ్చెన భుజాన వేసుకుని మిగిలిన గోడ వేయడానికి బయల్దేరాడు.